పెదవి పగిలినా బాకా వదలని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్



ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే అందరూ చంద్రుడి మీద కాలుపెట్టినాయన అనుకుంటారు. ఆయన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఈసారి గోడపత్రికలో నేను రాసేది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి. ఈయన చంద్రుడి మీదకి పోలేదు గానీ ట్రంపెట్ ఊది ప్రపంచమంతా తిరిగాడు. అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. జాజ్ అనే సంగీతం పేరు చెప్తే ముందు ఈయన పేరే చెప్తారు.

ట్రంపెట్ అంటే మీ అందరికీ తెలుసు. పెళ్ళి బ్యాండులో పచ్చగా మెరిసే ఇత్తడి బాకా. ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దానికి మూడే మీటలు ఉంటాయి. మూడు మీటల్ని ఎన్ని రకాలుగా నొక్కినా, నొక్కకుండా వదిలేసినా, మొత్తం ఎనిమిది రకాలే అవుతాయి (లెక్కల మేడం గారు కావాలంటే చూడవచ్చు). కానీ దాంట్లోంచి ముప్పైకి దగ్గరగా స్వరాలు వస్తాయి. మరి మిగతావి ఎక్కడినించి వస్తున్నాయి? పెదవుల నించి. హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం అదే వస్తుంది. బాకాలో అలా కాదు. ఒకే మీట నొక్కి ఉంచి పెదవి బిగించినకొద్దీ స్వరం పైకి ఎక్కుతుంది, వదులు చేస్తే కిందకి దిగుతుంది.

ఉత్తినే గాలి ఊదితే బాకా మోగదు. రెండు పెదవులూ చేర్చి మధ్యలోంచి గాలి వదిలితే అవి బుర్రుమని అదరాలి. ఆ అదురే ఇత్తడి గొట్టంలోకి పోయి పెద్ద మోత అవుతుంది. సన్నాయికి మూతి దగ్గర చిన్న పీక ఉంటుంది, అదురుడు పని ఆ పీకది. బాకాకి పీక లేదు, మన పెదవే పీక. ధింసా ఆడేటప్పుడు మన తాతలు ఊదే జోడుకొమ్ములు కూడా అంతే. కొమ్ము ఊదిన తాతని అడగండి, మూతి ఎంత నొప్పి పుడుతుందో చెప్తాడు.

బాకా మూతికి పెట్టుకునే చిన్న గిన్నెలాంటి ముక్కని మౌత్‌పీస్ అంటారు. దాని మీద పెదవుల్ని పెట్టే తీరుని ఇంగ్లీషులో ఎంబూషర్ అంటారు. ఆ మాట పలకడం కష్టం కాబట్టి నేను పెదవికట్టు అని రాస్తాను. లూయీ కథంతా ఈ పెదవికట్టు కథే అని నాకు అనిపించింది.

లూయీ 1901 ఆగస్టు 4న న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆయన మాత్రం బతికున్నన్నాళ్ళూ తను 1900 జూలై 4న పుట్టాననే చెప్పుకున్నాడు. అది అమెరికా స్వాతంత్ర్య దినం. చనిపోయిన చాలా ఏళ్ళకి చర్చిలో బాప్తిస్మం పుస్తకం దొరికితే అసలు తేదీ తెలిసింది. మనలో చాలామందికి బడిలో చేర్చినప్పుడు మేష్టారు వేసిన తేదీయే పుట్టినరోజు కదా, కాబట్టి ఇది విని ఎవరూ నవ్వకండి.

నాన్న ఆయన పసిపిల్లవాడుగా ఉండగానే వదిలేసి పోయాడు. కొన్నాళ్ళు నాయనమ్మ పెంచింది. తర్వాత అమ్మ దగ్గరికి చేరాడు. అమ్మ పేరు మేయాన్. చెల్లెలు బియాట్రిస్. వాళ్ళుండే పేట ఎంత గొడవల పేట అంటే జనం దాన్ని యుద్ధభూమి అని పిలిచేవారు. బడికి పోయాడు గానీ పదకొండేళ్ళకే మానేశాడు. కార్నోఫ్‌స్కీ అనే యూదుల కుటుంబం దగ్గర పనికి కుదిరాడు. వాళ్ళు లిథువేనియా దేశం నించి బతకడానికి వచ్చినవాళ్ళు. పాత సామాన్లు కొనే బండి, బొగ్గు అమ్మే బండి నడిపేవారు. జనాన్ని పిలవడానికి లూయీ బండి మీద కూర్చుని ఒక రేకు బూర ఊదేవాడు. మొదటి బాకా అదే అనుకోవచ్చు. తర్వాత ఒక తాకట్టు కొట్లో పాత కార్నెట్ కనిపించింది. కార్నెట్ అంటే ట్రంపెట్ కంటే కొంచెం పొట్టిగా ఉండే బాకా. ఖరీదు 5 డాలర్లు. ఆ కుటుంబం వాళ్ళే డబ్బు సర్ది కొనుక్కోడానికి సాయం చేశారు. ఆ మేలు ఆయన మర్చిపోలేదు. పెద్దయ్యాక యూదుల నక్షత్రం గుర్తు ఉన్న గొలుసు మెళ్ళో వేసుకున్నాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. బాకా చేతికి వచ్చింది, కానీ దాన్ని మూతి మీద ఎలా పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. వీధిలో ఊదేవాళ్ళని చూసి తనకి తోచినట్టు పెట్టుకున్నాడు.

1912 డిసెంబరు 31 రాత్రి. కొత్త సంవత్సరం వస్తుందని ఊరంతా టపాకాయలు కాలుస్తున్నారు. లూయీ ఇంట్లో ఉన్న పిస్తోలు తీసుకుపోయి వీధిలో గాల్లోకి ఉత్తుత్తి తూటాలు పేల్చాడు. పోలీసు పట్టుకున్నాడు. మర్నాడు జడ్జి అతన్ని నల్లజాతి అనాథ బాలుర హోమ్‌కి పంపించాడు. అక్కడ కాప్టెన్ జోన్స్ అనే ఆయన పెద్ద. మిలటరీలాగా నడిపేవాడు. లేవడానికి, తినడానికి, పడుకోడానికి అన్నిటికీ బ్యూగిల్ ఊదేవారు. మనకి గంట ఉన్నట్టు వాళ్ళకి బ్యూగిల్ అన్నమాట.

అక్కడ బ్యాండు నేర్పే మాస్టారు పీటర్ డేవిస్. ఆయనకి మొదట్లో లూయీ అంటే గిట్టలేదు. ఆ పేట నించి వచ్చిన పిల్లడు మంచివాడు ఎలా అవుతాడని ఆయన అనుమానం. చాలా రోజులు దూరంగానే ఉంచాడు. లూయీ ఏమీ అడగకుండా బ్యాండు సాధన చేసే చోట నిలబడి వినేవాడంట. కొన్నాళ్ళకి ఒక టాంబురిన్ చేతికిచ్చారు. అది బాగా కొట్టాడు. తర్వాత డ్రమ్ము, తర్వాత ఆల్టో హార్న్ అనే బాకా, ఆ తర్వాత బ్యూగిల్ ఇచ్చారు. బ్యూగిల్‌కి మీటలు అసలే ఉండవు, స్వరాలన్నీ పెదవితోనే పలికించాలి. హోమ్ మొత్తాన్ని లేపడం, పడుకోబెట్టడం లూయీ పని అయింది. చివరికి కార్నెట్ ఇచ్చారు, బ్యాండుకి నాయకుణ్ణి కూడా చేశారు. బ్యాండు ఊళ్ళోకి ఊరేగింపుగా పోయినప్పుడు వాళ్ళ పేటవాళ్ళు చూసి సంతోషపడి డబ్బులు వేశారు.

పీటర్ డేవిస్ మాస్టారు స్వరం నిండుగా, శుభ్రంగా రావాలని పట్టుబట్టేవాడు. లూయీకి ఆ గుణం అక్కడే అబ్బింది. ఎంత గట్టిగా ఊదినా ఆయన స్వరం గీరుకున్నట్టు ఉండదు, గంట కొట్టినట్టు ఉంటుంది అంటారు. కానీ పెదవికట్టు మాత్రం పూర్తిగా సరి కాలేదు. మౌత్‌పీస్ పెదవి మీద జారిపోతుందని దాని అంచు మీద ఆకురాయితో గాట్లు పెట్టుకున్నాడని చెప్తారు. ఆ గాట్లు పెదవిని పట్టుకుంటాయి, నిజమే. కానీ పెదవిని కోస్తాయి కూడా.

సరైన పెదవికట్టు ఎలా ఉండాలో ఇక్కడ కొంచెం చెప్తాను. నోటి చుట్టూ గుండ్రంగా ఒక కండ ఉంటుంది. ఈల వేసినప్పుడు, ముద్దుపెట్టినప్పుడు బిగిసేది ఆ కండే. పెదవుల మూలలు గట్టిగా ఉండాలి, నడిమి భాగం మెత్తగా అదరడానికి వీలుగా ఉండాలి. మౌత్‌పీస్ అంచు ఆ కండ మీద ఆనాలి గానీ లోపలి ఎర్రటి మెత్తటి తోలు మీద ఆనకూడదు. మధ్యకి పెట్టాలి అంటారు గానీ అందరి పళ్ళ వరస ఒకేలా ఉండదు కాబట్టి వెంట్రుకవాసి అటూ ఇటూ ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి. గాలి పొట్ట అడుగునించి రావాలి. పై స్వరం కావాలంటే పెదవుల మధ్య సందు చిన్నది చేసి గాలి వేగంగా పంపాలి.

ఇది నేర్చుకోడానికి నెలలు పడుతుంది. తొందరపడేవాళ్ళకి ఒక దొడ్డిదారి ఉంది. పై స్వరం రాకపోతే బాకాని మూతికేసి గట్టిగా నొక్కడం. నొక్కితే పెదవి సాగి స్వరం వచ్చేస్తుంది. అసలు ప్రమాదం అదే. రాకపోతే మానేసి వేరేలా ప్రయత్నిస్తారు, వచ్చేస్తుంది కాబట్టి అదే అలవాటు అయిపోతుంది. నొక్కినకొద్దీ పెదవిలో రక్తం ఆడదు, మొద్దుబారుతుంది, వాస్తుంది. మొద్దుబారిన పెదవి సరిగా అదరదు, కాబట్టి ఇంకా గట్టిగా నొక్కాల్సి వస్తుంది.

లూయీ ఫోటోలు చూసి ట్రంపెట్ తెలిసినవాళ్ళు చెప్పేదేమంటే, ఆయన మౌత్‌పీస్ అంచు పై పెదవి ఎర్రటి భాగం మీద ఆనేది, నొక్కుడు కూడా ఎక్కువ. పెద్ద బలమైన పెదవులు కాబట్టి చాలా ఏళ్ళు ఓర్చుకున్నాయి. ఎంత పెద్ద నోరు అంటే స్నేహితులు సంచి నోరోడు అని పిలిచేవారు. ఇంగ్లీషులో శాచెల్‌మౌత్. అదే తర్వాత సాచ్‌మో అయింది. వెక్కిరింపు పేరే పోను పోను ముద్దుపేరు అయి ప్రపంచమంతా వ్యాపించింది.

1914లో హోమ్ నించి బయటికి వచ్చాడు. ఇంట్లో బాకా లేదు, సంపాదన కావాలి. పగలు బొగ్గు బండి తోలేవాడు. తనే పారతో బొగ్గు ఎత్తిపోయాలి. బండికి 15 సెంట్లు ఇచ్చేవారు. రాత్రిపూట దొరికితే ఎక్కడో ఒకచోట ఊదేవాడు. ఆ రోజుల్లో న్యూ ఆర్లియన్స్‌లో అందరికంటే గొప్పగా కార్నెట్ ఊదేది జో ఆలివర్. కింగ్ ఆలివర్ అనేవారు. ఆయన లూయీని కొడుకులా చూశాడు. లూయీ ఆలివర్ వాళ్ళావిడకి బజారు పనులు చేసి పెట్టేవాడు, అందుకు బదులుగా ఆయన బాకా పాఠం చెప్పేవాడు. తన పాత కార్నెట్ కూడా ఇచ్చేశాడు. లూయీ ఆయన్ని పాపా జో అని పిలిచేవాడు. మనం గురువుగారిని అయ్యా అన్నట్టు.

1918లో ఆలివర్ చికాగో వెళ్ళిపోతే కిడ్ ఓరీ అనే ఆయన బ్యాండులో ఆలివర్ చోటు లూయీకి ఇచ్చారు. తర్వాత మిసిసిపీ నది మీద తిరిగే పెద్ద పడవల్లో ఫేట్ మారబుల్ బ్యాండుతో ఊదాడు. స్వరాలు కాగితం మీద చూసి చదవడం ఆయన సరిగా నేర్చుకున్నది ఆ పడవలోనే. అప్పటికి వయసు పద్దెనిమిది దాటింది. అంతకుముందంతా చెవితోనే. చెవితో అంత వచ్చినవాడు మళ్ళీ మొదటి తరగతి పిల్లాడిలా కూర్చుని చదవడం నేర్చుకున్నాడంటే నాకు అది చాలా నచ్చింది.

1922లో పాపా జో చికాగోకి రమ్మని కబురు పంపాడు. అక్కడ లింకన్ గార్డెన్స్ అనే డ్యాన్సు హాల్లో గురువు మొదటి కార్నెట్, శిష్యుడు రెండో కార్నెట్. 1923లో ఇండియానా రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే ఊరికి వెళ్ళి మొదటి రికార్డులు చేశారు. అప్పట్లో మైకులు లేవు, అందరూ ఒక పెద్ద గరాటులాంటి దాని ముందు నిలబడి వాయించాలి. లూయీ స్వరం ఎంత పెద్దది అంటే మిగతావాళ్ళు వినపడడం లేదని ఆయన్ని గదిలో చాలా వెనక్కి ఓ మూల నిలబెట్టారంట. ఈ సంగతి చెప్పింది లిల్ హార్డిన్. ఆమె ఆ బ్యాండులో పియానో వాయించేది, బాగా చదువుకున్నది. 1924లో లూయీ ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. గురువు పక్కన ఎన్నాళ్ళున్నా రెండోవాడుగానే ఉండిపోతావు, సొంతంగా నిలబడు అని ఆమె పోరు పెట్టింది. ఒక ఆడమనిషి మాట విని ఒక మగవాడు బాగుపడ్డాడని పుస్తకాల్లో రాశారు, ఇది మాత్రం గీత గీసి చదవండి!

అదే ఏడు న్యూయార్క్ వెళ్ళి ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో చేరాడు. 1925లో మళ్ళీ చికాగో వచ్చి తన పేరు మీద హాట్ ఫైవ్ అనే చిన్న బృందంతో రికార్డులు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే కార్నెట్ వదిలి ట్రంపెట్‌కి మారాడు. చికాగోలో ఒక జర్మన్ మాస్టారి దగ్గర కొన్నాళ్ళు ట్రంపెట్ పాఠాలు చెప్పించుకున్నాడని కూడా చెప్తారు. కానీ పదేళ్ళకి పైగా ఒకే తీరులో బిగిసిపోయిన పెదవి కొన్ని పాఠాలతో మారదు. పైగా రోజూ రాత్రి కచేరీ. కచేరీ మానేసి పెదవికట్టు దిద్దుకుందామంటే అద్దె ఎవరు కడతారు?

1928 జూన్ 28న వెస్ట్ ఎండ్ బ్లూస్ అనే పాట రికార్డు చేశారు. మొదట్లో తోడు వాయిద్యం ఏదీ లేకుండా లూయీ ఒక్కడే ఊదుతాడు. కింద నించి పైకి, పై నించి కిందకి, కొండవాగు రాళ్ళ మీదనించి దూకినట్టు. చివర్లో ఒక పై స్వరం అందుకుని ఊపిరి బిగబట్టి చాలాసేపు నిలబెడతాడు. అంతసేపూ స్వరం వణకదు, పలచబడదు. జాజ్‌లో ఇంతకంటే గొప్ప రికార్డు లేదనేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత పై స్వరాల పిచ్చి మొదలైంది. జనం అడిగేవారు, ఈయన ఊదేవాడు. ట్రంపెట్‌లో హై సీ అనే స్వరం ఉంది. మామూలు వాళ్ళకి అదే గోడ. లూయీ ఒక పాట చివర హై సీని వరసగా వందసార్లకి పైగా ఊదేవాడు, వెనక బ్యాండు వాళ్ళు గట్టిగా లెక్కపెట్టేవారు. అక్కడితో ఆగక ఆ పైన ఉన్న ఎఫ్ మీదకి ఎక్కి ముగించేవాడు. జనం వెర్రెత్తిపోయేవారు. కొంతమంది ట్రంపెట్ వాళ్ళు ఇది మామూలు బాకా కాదు, ఏదో మాయ చేశాడని అనుమానపడి ఆయన బాకా తీసి చూశారంట. నాకు మాత్రం ఇది చదివినప్పుడు గొప్పగా అనిపించలేదు, భయం వేసింది. వందసార్లు అంటే వందసార్లు అదే చోట ఇత్తడి అంచు నొక్కుకుంటుంది కదా.

1931లో ఆయన పేరు మోగుతుండగా సొంత ఊరు న్యూ ఆర్లియన్స్ వచ్చాడు. స్టేషన్లో జనం బ్యాండుతో ఎదురొచ్చారు. కానీ ఆయన ఊదే హాల్లోకి నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. వాళ్ళు బయట నదిగట్టు మీద నిలబడి కిటికీల్లోంచి విన్నారు. రేడియోలో చెప్పే తెల్లవాడు ఒక నల్లవాణ్ణి పరిచయం చేయనని తప్పుకుంటే లూయీయే మైకు ముందుకి వచ్చి తన పేరు తనే చెప్పుకుని కచేరీ మొదలుపెట్టాడు. ఆ రాకలోనే తన పాత హోమ్‌కి వెళ్ళి పిల్లల్ని చూశాడు.

ఇక అసలు కష్టం. 1932 చివరికి పెదవి బాగా దెబ్బతింది. అప్పటి మేనేజరు విశ్రాంతి ఇవ్వకుండా ఊరూరూ తిప్పాడు. పై పెదవి మీద కాయకాచి గట్టిపడి, అది మళ్ళీ పగిలేది. కాయని బ్లేడుతో తనే చెక్కుకునేవాడని చెప్తారు (ఎవరూ ఇలా చెయ్యకండి). 1933 చివర్లో లండన్‌లో ఊదుతుండగా పెదవి చీలిపోయి రక్తం కారింది. ఆ మేనేజరుతో తగువై విడిపోయారు. 1934లో పారిస్‌లో చాలా నెలలు ఉండిపోయి ఎక్కువ భాగం విశ్రాంతి తీసుకున్నాడు. ప్రపంచంలో అందరికంటే గొప్ప ట్రంపెట్ మనిషి, చేతిలో ట్రంపెట్ ఉండి కూడా ఊదలేడు. 1935 జనవరిలో అమెరికా తిరిగి వచ్చాడు. వచ్చాక కూడా డాక్టర్లు ఊదొద్దన్నారు. ఆ ఏడాది సగం గడిచాక గానీ మళ్ళీ బాకా ఎత్తలేదు. ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు.

అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు. పెదవికట్టు మళ్ళీ మొదటినించీ నేర్చుకోవాలంటే అన్నీ వదిలి ఒకటి రెండేళ్ళు కూర్చోవాలి. ఆయన అలా చేయలేదు. ఉన్న పెదవినే కాపాడుకోవడం నేర్చుకున్నాడు. జర్మనీలో మాన్‌హైమ్ ఊళ్ళో ఒక ట్రాంబోన్ ఊదే ఆయన తయారుచేసిన పెదవి మందు వాడేవాడు. అది ఎంత నచ్చిందంటే తర్వాత ఆ మందు లూయీ పేరుతోనే అమ్మారు. చేతిలో ఎప్పుడూ తెల్ల రుమాలు ఉండేది, చెమట తుడుచుకోడానికి, పెదవి అద్దుకోడానికి. కచేరీకి ముందు చాలాసేపు మెల్లగా ఊది పెదవిని వేడెక్కించుకునేవాడు.

ఊదే తీరు కూడా మారింది. పై స్వరాలు పూర్తిగా మానలేదు, 1936లో కూడా హై సీలు వరసగా ఊదిన రికార్డు ఉంది. కానీ రాను రాను సర్కస్ తగ్గింది. పది స్వరాలు ఊదేచోట మూడు ఊదాడు. ఆ మూడూ ఏవి ఊదాలో ముందే తెలిసినట్టు ఊదాడు. మధ్యలో పాట పాడేవాడు, గరగరలాడే గొంతు. పాడినంతసేపూ పెదవికి విశ్రాంతి. 1947లో పెద్ద బ్యాండు వదిలి ఆల్ స్టార్స్ అనే చిన్న బృందం పెట్టాడు. దాంట్లో అందరికీ వంతు ఉండేది, వాళ్ళ వంతులో ఈయన పెదవి చల్లబడేది. పై స్వరాలు ఊదే రోజులకంటే ఈ రోజుల్లోనే స్వరం ఇంకా లావుగా, తియ్యగా ఉందనేవాళ్ళు ఉన్నారు.

ఇక్కడ పాపా జో ఏమయ్యాడో చెప్పకపోతే తప్పు. ఆయనకి తీపి అంటే ప్రాణం, రొట్టె మధ్యలో పంచదార పెట్టుకు తినేవాడు. చిగుళ్ళ జబ్బు వచ్చి పళ్ళు కదిలిపోయాయి. మౌత్‌పీస్ ఆనేది పెదవి మీద అయినా, పెదవి ఆనేది పళ్ళ మీద. పళ్ళు లేకపోతే పెదవికట్టు లేదు. బ్యాండు పోయింది, డబ్బు పోయింది. 1937లో లూయీ సవానా అనే ఊరికి కచేరీకి వెళ్తే గురువు అక్కడ కూరగాయలు అమ్ముతూ కనిపించాడు. లూయీ, బ్యాండు వాళ్ళూ జేబుల్లో ఉన్న డబ్బు ఆయన చేతిలో పెట్టారు. ఆ రాత్రి ఆయన మంచి బట్టలు వేసుకుని కచేరీకి వచ్చాడు. మరుసటి ఏడాది, 1938లో చనిపోయాడు. వార్డెన్ మేడం గారు రాత్రిపూట కూడా పళ్ళు తోమమంటే మనం గొణుక్కుంటాం. పాపా జోకి చెప్పేవాళ్ళు ఉంటే బాగుండేది.

లూయీకి నాలుగు పెళ్ళిళ్ళు అయ్యాయి. చివరి భార్య లూసిల్. ఆమెతో 1943 నించి న్యూయార్క్‌లో కరోనా అనే పేటలో ఒక మామూలు ఇంట్లో ఉన్నాడు. (జబ్బు కాదు, పేట పేరే అది.) ఎంత డబ్బు వచ్చినా ఆ ఇల్లు మారలేదు. ఇంట్లో ఉన్నప్పుడు టేపుల మీద మాటలు, పాటలు రికార్డు చేసుకునేవాడు. ఆ టేపుల అట్టపెట్టెల మీద పేపర్లలోంచి, ఫోటోల్లోంచి బొమ్మలు కత్తిరించి అంటించేవాడు. అలాంటి పెట్టెలు వందల్లో ఉన్నాయి. అంటే ఆయన కూడా మనలాగే గోడపత్రిక మనిషి.

1957లో లిటిల్ రాక్ అనే ఊళ్ళో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ళ హైస్కూల్లో చేరబోతే గవర్నరు సైనికుల్ని పెట్టి ఆపించాడు. అప్పటిదాకా లూయీ తెల్లవాళ్ళ ముందు నవ్వడం తప్ప ఏమీ అనడని చాలామంది ఆయన్ని తిట్టేవారు. ఆ పిల్లల సంగతి విన్నాక ఆయన గవర్నరునీ అధ్యక్షుణ్ణీ కూడా పత్రికల్లో గట్టిగా ఖండించాడు. ప్రభుత్వం తరఫున రష్యా వెళ్ళాల్సిన కచేరీ యాత్ర వెళ్ళనన్నాడు. దానివల్ల కొన్ని చోట్ల ఆయన పాటలు ఆపించాలని చూశారు. బడికోసం మాట్లాడాడు కాబట్టి ఇది మన గోడ మీద తప్పకుండా ఉండాలని రాశాను.

1956లో ఆఫ్రికాలో ఘనా ప్రాంతానికి వెళ్తే జనం తండోపతండాలుగా వచ్చారు. 1964లో హలో డాలీ అనే పాటతో అమెరికాలో మొదటి స్థానం కొట్టాడు, అప్పుడు మొదటి స్థానంలో ఉన్న బీటిల్స్ కుర్రాళ్ళని దించి. అరవై దాటిన మనిషి! 1967లో వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్ పాట పాడాడు, దాంట్లో ట్రంపెట్ లేదు, గొంతు ఒక్కటే.

గుండె, మూత్రపిండాలు పాడయ్యాయి. 1968 తర్వాత కొంతకాలం డాక్టర్లు ట్రంపెట్ ముట్టుకోవద్దన్నారు. మళ్ళీ మొదలుపెట్టాడు. 1971 మార్చిలో డాక్టరు వద్దన్నా వినకుండా న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో రెండు వారాలు కచేరీ చేశాడు. అదే ఆఖరు. 1971 జూలై 6న కరోనాలో తన ఇంట్లో నిద్రలోనే పోయాడు. ఆ ఇల్లు 2003 నించి మ్యూజియం అయింది.

1982లో ప్లానాస్ అనే డాక్టరు ట్రంపెట్ ఊదేవాళ్ళ నోటి చుట్టూ ఉండే ఆ గుండ్రటి కండ లోపల తెగిపోవడం గురించి వైద్య పత్రికలో రాశాడు. బయటికి చిన్న మచ్చే కనపడుతుంది, కానీ పై స్వరాలు రావు, ఎంత బిగించినా గాలి పక్కనించి పోతుంది. తెగిన కండని కుట్టి బాగుచేయొచ్చని కూడా రాశాడు. ఆ జబ్బుకి సాచ్‌మో సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. లూయీ పై పెదవి మీద ఉన్న మచ్చ ఆయన ఫోటోల్లో నవ్వుతున్నప్పుడు కూడా కనపడుతుంది.

— 9వ తరగతి